పొద్దున్నే తెరుచుకునే టాపు

స్విచ్ నొక్కితే ఆ సాయంత్రం కూడా కారు టాపు కదల్లేదు. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, పాటలు వస్తున్నాయి. నెత్తిమీది నల్లటి గుడ్డ కప్పు మాత్రం అలిగిన కొత్తల్లుడిలా బిగుసుకుని కూర్చుంది.

"పొద్దుగాల మంచిగనే తెరుసుకున్నది గదా కాకా," అన్నాడు ఉపేందర్ రాయమల్లుతో, స్టీరింగ్ మీద నుదురు ఆనించి.

హైదరాబాద్‌లో ఎవరో షావుకారు వాడి వదిలేసిన ఆ విదేశీ కారును ఉపేందర్ పెళ్లి ఊరేగింపుల కోసం గోదావరిఖనికి తెచ్చాడు. టాపు వెనక్కి మడిచి, పెళ్లికొడుకును నిలబెట్టి, చౌరస్తా మీదుగా బరాత్ తీస్తే ఊరు ఊరంతా చూడాల్సిందే. వాళ్ల సందులో బండి పట్టదు కాబట్టి, వెనకింటి రాయమల్లు వాకిట్లో రేకుల కింద పెడుతున్నాడు. రాయమల్లు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. కరెంటు ఎక్కడ దాక్కున్నా చెవి పట్టుకుని లాక్కొస్తాడని పేరు.

మొదటిసారి టాపు ఆగినప్పుడు ఒక లూజు వైరు దొరికింది, బిగించాడు. ఆ రోజు సమ్మవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, ఫ్యూజుల డబ్బా తెరిచి, ఏ రంగుది దేనికో, ఆకుపచ్చది టాపుకేనని, బడిపిల్లకు చెప్పినట్టు భార్యకు చెప్పాడు. అక్కడితో తగాదా తీరిందనుకున్నారు. తీరలేదు. రోజూ మధ్యాహ్నం రాయమల్లు వైరింగంతా వెతకడం, సాయంత్రం టాపు మొరాయించడం, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు తెరుచుకోవడం. డబ్బాలో ఉన్న ఫ్యూజులన్నీ బాగానే ఉన్నాయి. అందులో ఖాళీగా ఉన్న గదులు కంపెనీవాళ్లే వదిలారని అతనే చెప్పాడు.

"రేపు సాయంత్రం బరాత్ ఉన్నది. పొద్దుగాల తెరుసుకోకుంటె పెండ్లోల్లకు కాదని చెప్పి, బండిని హైదరాబాద్ తీస్కపోత. ఆడ కంప్యూటర్ పెట్టి చూస్తరట."

"నువ్వేం ఫికర్ చెయ్యకు సదయ్యా, నేనున్న గదా," అన్నాడు రాయమల్లు.

ఉపేందర్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. సదయ్య బాయిలో రాయమల్లుకు జోడీ. చీకట్లో ఏళ్ల తరబడి పిలిచిన పేరు నాలుక మీంచి అంత తొందరగా ఎక్కడ పోతుంది?

రాయమల్లు కారు సీట్లో వెనక్కి వాలి, పైనున్న గుడ్డను చూస్తూ ఉండిపోయాడు. బతుకంతా కప్పు కిందే గడిచింది. బొగ్గు కప్పు ఎప్పుడు కూలుతుందోనని బెదురుతూ నడిచినవాడికి, వేలితో నొక్కితే పక్కకు జరిగిపోయే కప్పు ఉందంటే కలలాగే ఉంటుంది. దీన్ని బాగు చేసి, సమ్మవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, గోదావరి బ్రిడ్జి మీద గాలిలో తేలిపోవాలని అతని ఆశ.

సమ్మవ్వ చాయ్ తెచ్చి కారు తలుపుకు ఆనుకుని నిలబడింది.

ఎండకు తీగె సాగి లోపలెక్కడో విడిపోతోందని, రాత్రి చల్లబడి మళ్లీ అతుక్కుంటోందని ఆమెకు వివరించాడు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అదురు కూడా తోడై ఉంటుందన్నాడు. అలా మాట బాయిలోకి దిగింది. ఒకసారి సదయ్య పంపు మోటారు వైర్లు పట్టుకుని ఉండగా, తెలియక ఎవరో స్విచ్ వేశారు. కరెంటు రాలేదు. పనికి ముందు ఫ్యూజు పీకి తన దగ్గర పెట్టుకోవడం రాయమల్లు అలవాటు కాబట్టి సదయ్య బతికాడు. ఆ తర్వాత ప్రతి దసరాకూ వాళ్లింటికి ఒక కోడిపుంజు వచ్చేది.

ఆ పుంజుల కూర రుచి తలుచుకుని ఇద్దరూ నవ్వుకున్నారు. "చాయ్ తెస్తవా?" అని అడిగాడు రాయమల్లు. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి, మరో గ్లాసు తెచ్చిచ్చింది.

"ఏమే, గిది నాతోని కాదని హైదరాబాద్ పోతే, ఇగ ఈ చేతులు ఎందుకే? కూసొని తినుడేనా?"

 సమ్మవ్వ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఎందుకు పోతది? తెల్లారితె తెరుసుకుంటది సూడు," అంది.

తెల్లవారుజామున ఆమె రోజూలాగే భర్త విప్పిన అంగీని నానబెట్టి, వాకిలి ఊడ్చి, కారు మీద పేరుకున్న బొగ్గు దుమ్మును లోపలా బయటా తుడిచింది.

ఉపేందర్ వచ్చి, దేవుణ్ని తలుచుకుని స్విచ్ నొక్కాడు. టాపు సన్నగా మూలిగి, లేచి, నెమ్మదిగా వెనక్కి మడుచుకుంది. ఆకాశం ఒక్కసారిగా కారులోకి దిగింది. సంతోషం పట్టలేక ఉపేందర్ ఇద్దరినీ ఎక్కించుకుని బ్రిడ్జి దాకా తీసుకెళ్లాడు. కింద ఇసుక మేటల మధ్య నీళ్లు, దూరంగా పొగ గొట్టాలు, మీద ఏ అడ్డూ లేని తెల్లటి పొద్దు. సమ్మవ్వ కొంగు గాలికి లేచి రాయమల్లు మొహం మీద పడింది. అతను దాన్ని తీసెయ్యలేదు.

"నా చెయ్యి ఇంక తప్పలేదే," అన్నాడు కళ్లు మూసుకుని.

"ఎందుకు తప్పుతది," అంది సమ్మవ్వ, ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంటూ.

ఇంటికొచ్చాక ఉపేందర్ టాపు మూసి, బరాత్‌కు పూలు తేవడానికి వెళ్లాడు. ఎందుకైనా మంచిదని మధ్యాహ్నం రాయమల్లు వైర్లన్నీ మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. చెమటకు తడిసిన అంగీ విప్పి భార్య చేతికిచ్చి, కూనిరాగం తీస్తూ స్నానానికి వెళ్లాడు.

ఆ అంగీ జేబులోంచి ఆకుపచ్చ ఫ్యూజు తీసుకుని, సమ్మవ్వ మళ్లీ కారు తుడవడానికి వెళ్లింది.