గంటన్నర దూరం

లైను దాటుకుని ఆమె కౌంటర్ దగ్గరికి తోసుకొచ్చింది.

నెరిసిన జుట్టున్న ఒకాయన పక్కకు తూలాడు. భుజాన గుడ్డసంచి, చేతిలో బోర్డింగ్ పాస్.

“కాస్త జరగండి! ప్రాణం మీదికొచ్చి నేనొస్తే, స్తంభంలా నిలబడతారేంటి?”

ఆయన జరిగాడు.

“సీటు లేదమ్మా,” అన్నాడు కౌంటర్ వెనక కుర్చీలో ఉన్నతను. “వెయిటింగ్‌లో మీరే మొదలు. ఎవరైనా మానుకుంటే ఇస్తాను.”

“ఎవరు మానుకుంటారు? ఇంకో విమానం?”

“రేపే.”

“పోనీ బస్సు?”

“పదకొండు వందల కిలోమీటర్లు. విమానంలో గంటన్నర. బస్సులో ఇరవై గంటలు.”

“ఇరవై గంటలు మా నాన్న ఉండడు. ఈ పూట గడిస్తే గొప్పన్నారు.”

ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది. ఆసుపత్రి మంచం, ముక్కులో గొట్టం, పీక్కుపోయిన ముఖం.

“చూడండి. అబద్ధమేం కాదు.”

కుర్చీలో అతను చూడలేదు. నెరిసిన జుట్టాయన చూశాడు. చాలాసేపు చూశాడు.

“మీ నాన్నా?”

“కాక, పక్కింటాయనా?”

“ఎంతమంది పిల్లలు ఆయనకి?”

“నేనొక్కదాన్నే. చాలా, మా చుట్టాలందరి లెక్కా చెప్పాలా?”

ఆయన బోర్డింగ్ పాస్ కౌంటర్ మీద పెట్టాడు.

“నేను మానుకుంటున్నా.”

“అదేంటి సార్! తలుపులు తియ్యకముందే వచ్చి కూచున్నారు. అంత అర్జంటన్నారు.”

“బస్సులో వెళ్తాలే.”

ఆమె పరుగెత్తింది. ఆయనకు ఒక మంచిమాటైనా చెప్పలేదని విమానం లేచాక గుర్తొచ్చింది.

ఆసుపత్రిలో మంచం పక్కన మేనత్త ఉంది. తండ్రి కళ్ళు తెరిచాడు.

“వచ్చాడా?”

“ఎవరు నాన్నా? నేనొచ్చాను.”

ఆయన చూపు ఆమెను దాటి తలుపు మీదికి పోయింది. మేనత్త ముఖం తిప్పుకుంది.

నాలుగింటికి ప్రాణం పోయింది.

ఆమెకు ఏడుపు రాలేదు. నర్సు చూపించిన చోట సంతకం పెట్టింది. ఎవరో టీ ఇస్తే తాగింది. చల్లారిందో వేడిగా ఉందో తెలియలేదు.

మర్నాడు పదింటికల్లా అంతా అయిపోయింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు.

పదకొండు దాటాక ఇంటి గేటు చప్పుడైంది. నెరిసిన జుట్టాయన. చొక్కా నలిగిపోయి ఉంది.

“మీరా! ఇల్లెలా తెలిసింది మీకు?”

ఆయన ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. మంచం ఎత్తి గోడకు ఆనించి ఉంది.

“ఎప్పుడు?”

“నిన్న నాలుగింటికి.”

“నువ్వు అందుకున్నావా?”

“ఆఁ.”

“సరే.”

అంతే. వచ్చిన దారినే తిరిగి నడిచాడు.

మేనత్త వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన వీధి మలుపు దగ్గరున్నాడు. ఆయన్ని చూసి అత్త తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

“లోపలికి రమ్మనలేకపోయావటే?”

“ఎవరత్తా ఆయన? విమానంలో నాకు సీటిచ్చింది ఆయనే.”

మేనత్త మలుపు వైపే చూస్తూ చెప్పింది.

“మీ నాన్న మొదటి పెళ్ళాం కొడుకే, నీకు అన్న, చివరిచూపుకు మీ నాన్న పిలిపించమన్నది వాణ్నొక్కణ్నే, నీకు కబురు పెట్టింది నేను.”