కుడిచేతి సిరా

ఊరి బూతులో పడినవి ఆరువందల పన్నెండు ఓట్లు. ఆరువందల పదకొండు ఊరి లీడరు శ్రీహర్ష పార్టీకి. ఒకటి అవతలోళ్లకు.

ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన టపాకాయల పెట్టె విప్పకుండానే అరుగు మీద ఉండిపోయింది. రాజుపాలెం మండలంలో అవతలోళ్లకు సున్నా చూపించే ఊరు మాదేనని శ్రీహర్ష పోలింగుకు ముందే అందరి ముందూ చెప్పి ఉన్నాడు. ఇప్పుడు ఆరువందల పదకొండు ఓట్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ ఒక్కడు ఎవడనేదే మాట.

"ఊర్లో పాము దూరింది. దొరికేదాకా ఇడ్సొద్దు" అన్నాడు శ్రీహర్ష.

సాయంత్రానికి పాముకు పేరు దొరికింది. టైలర్ బాషా.

ఎలక్షన్లకు ముందు అవతలోళ్ల జెండాలు కుట్టినాడు. జమ్మలమడుగులో వాళ్ల మనిషితో టీ తాగుతా కనపడినాడు. రెండు పార్టీల జెండాలూ కుట్టినాననీ, ఆ మనిషి తన బామ్మర్ది అన్సర్ అనీ బాషా చెప్పుకున్నాడు. శత్రువుకు చుట్టమైనోడు మనకేమవుతాడని అడిగినారు. పైగా ఊర్లో రెండు చేతుల వేళ్లకూ సిరా ఉండేది ఆయనొక్కనికే.

ఆ రెండో సిరా ఎందుకో అందరికీ తెలుసు. శ్రీహర్ష తండ్రి పద్మనాభయ్య అయ్యవారికి కండ్లు పోయి ఆరేండ్లు. పోలింగు రోజు కొడుకు ఏజెంటుగా లోపల కూర్చోవాల. నాయనకు తోడు పొమ్మని తనే బాషాకు చెప్పినాడు. చూపు లేనోళ్ల తరఫున బటన్ నొక్కేవాళ్లకు కుడిచేతి వేలికి సిరా పెడతారు. ఓటు సంగతి బయట చెప్పనని సంతకం తీసుకుంటారు. తెలిసినా ఎగతాళి మానలేదు. టీ అంగడి కాడ ఒకడు "ఒక వేలు మనకంట, ఒక వేలు వాళ్లకంట" అన్నాడు. అందరూ నవ్వినారు.

బాషాను ఎవరూ కొట్టలేదు. తిట్టలేదు. పలకడం మానేసినారు. కొలతలిచ్చిన గుడ్డలు కుట్టకముందే వెనక్కి తీసుకుపోయినారు. బక్రీద్ నమాజుకు అందరూ భుజం భుజం ఆనించి నిలబడితే, బాషా పక్కన ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా మిగిలింది.

బాషా అంగట్లో బల్ల కూడా ఖాళీనే. రోజూ పొద్దున అయ్యవారు దాని మీద కూర్చుంటే బాషా పేపర్ చదివి వినిపించేవాడు. ఊర్లో నలభై దాటిన ప్రతి ఒక్కడూ ఆయన కాడ చదివినోడే. చేతిలో బెత్తం ఉండేది గానీ, పేపర్లు దిద్దేటప్పుడు మెత్తన. ఏమీ రాయనోనికి కూడా పేరు రాసినందుకని ఒక మార్కు పడేది. లెక్కల్లో బాషాకు ఎప్పుడూ వచ్చింది ఆ ఒక్కటే. ఆ మాట చెప్పుకొని ఇద్దరూ నవ్వేవాళ్లు. ఓటేసిన పదో రోజు అయ్యవారు పోయినాడు. లెక్కింపు దాకా ఉండలేదు.

"చేసింటే చేసినానని చెప్పు. లేకుంటే లేదని చెప్పు. ఏంది నీ మౌనం?" అనింది భార్య గులాబ్‌బీ. పులివెందులలో అన్న ఉన్నాడు, పోదాం పా అనింది.

బాషా గుడ్డ లేకుండానే కుట్టు మిషన్ తొక్కుతా కూర్చున్నాడు.

అయ్యవారి నెల మాసికం నాడు శ్రీహర్ష మనిషిని పంపి పిలిపించినాడు. గోడకు ఫోటో, దానికి దండ. పదిమంది కూర్చోని ఉన్నారు. ఎవరూ జరిగి చోటియ్యలేదు.

"బాషా మామా, నిన్ను పోగొట్టుకోవాలని నాకు లేదు" అన్నాడు శ్రీహర్ష. "నాయన నిన్ను నాకంటే ఎక్కువగా చూసుకున్నాడు. ఆ ఓటు నీ వేలు నొక్కలేదని ఈ ఫోటో మీద చెయ్యి పెట్టి చెప్పు. రేప్పొద్దున అందరం నీ అంగట్లోనే ఉంటాం."

బాషా చెయ్యి ఎత్తినాడు. ఫోటో దాకా పోయి ఆగింది. కుడిచేతి గోటి మీద సిరా ఇంకా పూర్తిగా పోలేదు. చెయ్యి దించుకున్నాడు.

"నా ఓటు నీకే ఏసినా అబ్బీ. అంతవరకు చెప్తా."

"నేనడిగింది అది కాదు."

కూర్చున్నోళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

శ్రీహర్ష ఫోటోకు దండ సర్దినాడు. "కండ్లు లేకున్నా ఎండలో నడిచొచ్చి, కడసారి నా కోసరం ఓటేసి పోయినాడు మా నాయన. ఆ మనిషి ముందర అబద్ధం చెప్పలేకపోతాండావు. అంతే గదా?"

బాషా ఆ పిల్లోని మొగం శానా సేపు చూసినాడు.

"అంతే అబ్బీ" అన్నాడు.

మరుసటి రోజు కుట్టు మిషన్ ఆటోకెక్కింది. ఎత్తడానికి డ్రైవరూ గులాబ్‌బీ చెయ్యేసినారు. వీధిలో తలుపులన్నీ దగ్గరకేసి ఉన్నాయి. బల్లను తుడిచి, అంగడి లోపల పెట్టి, బాషా తాళం వేసినాడు.

ఓటేసిన బడి ముందర నుంచి ఆటో పోతాంటే, గులాబ్‌బీకి కనపడకుండా బాషా కుడిచేతి వేలు చూసుకున్నాడు: "పేరు రాసుకున్నోనికి సున్నా ఎయ్యకూడదురా బాషా, అవతలోళ్ల గుర్తు నొక్కు" అని అయ్యవారు చెవిలో చెప్తే నొక్కిన వేలు అది.