నాన్న పేరు మీద లైసెన్సు

"ఈ వరసలో ఉన్నవాళ్లంతా గంజాయి కొనడానికేనా?"

"అంతా దానికే నాన్నా. తలుపు తీసి గంటే అయింది. మధ్యాహ్నానికి మలుపు దాటుతుంది చూడు."

లూషియస్ పెట్‌వే గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు. జైలు నుంచి బయటికొచ్చి ఇది నాలుగో రోజు. వరసలో చేతికర్రతో ఒక ముసలావిడ ఉంది. ఆవిడ వెనక ఇస్త్రీ బట్టల్లో మొగుడూ పెళ్లాలు, వాళ్ల వెనక తపాలా చొక్కాలో ఒకతను. ఎవరూ దిక్కులు చూడటం లేదు. ఎవరూ మొహం దాచుకోవడం లేదు. అతను తల పైకెత్తాడు. గుమ్మం మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'లూషియస్' అని ఉంది.

"రొనెటా! నా పేరు పెట్టావేంటే?"

"ఈ కొట్టుకి లైసెన్సు వచ్చిందే నీ పేరు చెప్పి. గంజాయి కేసుల్లో జైలుకెళ్లినవాళ్ల పిల్లలకి ముందు ఇవ్వాలని కొత్త చట్టం."

"ఏ రాష్ట్రంలో?"

"ఇక్కడే. ఇలినాయ్‌లోనే."

"నన్ను లోపలేసిన ఇలినాయ్‌లోనా!"

"అవును నాన్నా. ఇంకో ఇలినాయ్ ఎక్కడుంది?"

"మరి నన్నెందుకు వదల్లేదు?"

రొనెటా మొహం చిన్నబోయింది. "చిన్న పొట్లాలతో దొరికినవాళ్ల కేసులు కొట్టేశారు. నీ లారీలో దొరికిన సంచీ నాలుగు కిలోలు. నీకది వర్తించదన్నారు. నీకు ఆశ పెట్టకూడదని చెప్పలేదు గానీ, ఎన్ని అర్జీలు పెట్టానో, ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగానో."

గుమ్మం దగ్గర భారీ మనిషి ఒకడు అడ్డంగా నిలబడ్డాడు. "కార్డు చూపించండి," అన్నాడు.

ఆ గొంతులో పోలీసు వాసన తగిలేసరికి లూషియస్ చేతులు వాటంతటవే పైకి లేచాయి. రొనెటా గబుక్కున అవి కిందికి దించింది.

"నాన్నా, ఈయన మన కాపలా మనిషి. రిటైరైన పోలీసే అనుకో. ఇరవై ఒకటి నిండాయో లేదో చూడటం ఈయన పని."

"అరవై రెండు నిండాయయ్యా," అన్నాడు లూషియస్.

లోపల గాజు సీసాల నిండా గంజాయి మొగ్గలు. ఇంకో అరలో గంజాయి కలిపిన చాక్లెట్లు. ఒకమ్మాయి చిన్న తక్కెడలో తూచి, సంచీలో వేసి, నవ్వుతూ "మళ్లీ రండి" అంటోంది.

"రశీదు కూడా ఇస్తున్నారే!"

"ఇవ్వకపోతే జరిమానా వేస్తారు. నువ్వు మాత్రం ఏదీ ముట్టుకోకు. పెరోల్ మీదున్నావు."

లూషియస్ గోడకి జారగిలబడ్డాడు. పదేళ్లు. భార్య చనిపోతే కడసారి చూపుకి కూడా పంపలేదు. ఇక్కడేమో తపాలా అతను రశీదు మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

అప్పుడు వచ్చాడు డోర్సీ.

వెంట్రుకలన్నీ నెరిసిపోయాయి. టోపీ చేత్తో నలుపుతూ గుమ్మంలో ఆగిపోయాడు. ఒకప్పుడు అతనూ లూషియస్సూ ఒకే ఫర్నిచర్ కంపెనీలో ఒకే లారీని వంతులేసుకుని నడిపేవారు. అరెస్టుకి ముందు శనివారం లూషియస్ అదే లారీలో కూతురి కాలేజీ సామాను ఇంటికి చేర్చాడు. ఆదివారం డోర్సీ నడిపాడు. సోమవారం లూషియస్ నడుపుతుంటే పోలీసులు ఆపారు. సీటు వెనక సంచీ దొరికింది. అది ఎవరిదో చెబితే వదిలేస్తామని ప్లీడరు ద్వారా కబురు పెట్టారు. లూషియస్ ఎవరి పేరూ చెప్పలేదు. జడ్జి ముందు "నాదే" అన్నాడు. స్నేహితుడి కోసం జైలుకెళ్లాడని ఊరంతా అనుకుంది. డోర్సీ ఉద్యోగం పోయింది. చర్చిలో అతని పక్కన కూర్చునేవాళ్లు లేకుండా పోయారు.

"ఎంత ధైర్యం నీకు!" రొనెటా గొంతుకి కొట్టంతా తిరిగి చూసింది. "మా నాన్న ఇక్కడున్నాడని తెలిసే వచ్చావా?"

"వాణ్ణి ఒక్కసారి చూసి పోదామని వచ్చానమ్మా."

"చూడు, బాగా చూడు. నీ సంచీ మా నాన్న సీటు వెనక పడేసి, పదేళ్లు నోరు మూసుకున్నావు. మా అమ్మ ఆయన్ని తలుచుకుంటూ పోయింది. సిగ్గు లేదూ?"

"అది నాది కాదని చెప్పీ చెప్పీ అలిసిపోయాను తల్లీ."

"ఎవరు నమ్ముతారు నిన్ను?"

"నేను నమ్ముతాను," అన్నాడు లూషియస్.

అతను నడిచి వెళ్లి డోర్సీని కౌగిలించుకున్నాడు.

"నన్ను క్షమించరా డోర్సీ."

"నేనా నిన్ను క్షమించేది? దేనికిరా?"

"ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటుంటే ఊరుకున్నందుకు."

తూచే అమ్మాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రొనెటా ఒళ్లు మండిపోయింది.

"విన్నారా! జైలుకెళ్లిందీ మా నాన్నే, క్షమాపణ అడిగేదీ మా నాన్నే!"

లూషియస్ కూతురి చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు. ఆమె ఇంకా రొప్పుతోంది.

"ఏంటి నాన్నా, అతన్ని వెనకేసుకొస్తావు? అంత మంచితనం పనికిరాదు."

"కూర్చోమ్మా."

ఆమె కూర్చుంది. అతను ఎదురుగా నిలబడి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"ఈ పదేళ్లలో ఒక్క ఆదివారం కూడా మానలేదు నువ్వు. మోకాలి లోతు మంచులో కూడా వచ్చావు."

"రాకుండా ఎలా ఉంటాను నాన్నా?"

"నువ్వొచ్చిన ప్రతిసారీ ఎదురుచూశాను."

"దేనికి?"

"ఆ సంచీ నీదని నీ నోటితో చెప్తావని."