ఎనిమిదో గుర్తు

“గురువారంలోగా దారి చూపే డబ్బా వాడటం నేర్చుకుంటే నీకు సెలవు. లేదంటే సెలవు మాట ఎత్తకు!”

రియాద్‌లో వేట సామాన్ల షాపు నడిమధ్యన నిలబడి అబూ నాసర్ తేల్చి చెప్పేశాడు. ఆయన ఇంటి డ్రైవరు ఓబులయ్యకు ఆ సెలవు ఎలాగైనా కావాలి. కడపలో ఉన్న అతని ఏడాది కూతురు ఇంతవరకూ తండ్రిని ఫోనులోనే చూసింది. ఇప్పుడు ఆ ఫోనునే నాన్న అనుకుని ముద్దులు పెడుతోంది. అయినా అబూ నాసర్‌ది కూడా పంతమే మరి. పోయిన చలికాలం ఎడారిలో వేటకెళ్ళి ఇద్దరూ దారి తప్పారు. ఆ సంగతి తలచుకుని బావమరిది అబూ తుర్కీ ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

“పెద్ద అద్దం ఉన్న జీపీఎస్ తీసుకుందాం,” అన్నాడు అబూ నాసర్.

“వద్దు బాబా. చేతికి ఇసుక అంటితే ఆ అద్దం మాట వినదు. బటన్లది తీసుకోండి. మామూలు బ్యాటరీలే, ఏ చిన్న కొట్టులో అయినా దొరుకుతాయి.”

బటన్లదే కొన్నారు. ఆ వారమంతా ఓబులయ్య ఇంటి వెనక పెరట్లో పాఠాలు మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మం దగ్గర గుర్తు పెట్టుకుని, గోడ చివరిదాకా వెళ్ళి, తల మీద తువ్వాలు కప్పుకుని డబ్బా ఒక్కటే చూస్తూ వెనక్కి వచ్చేవాడు. మొదటి రోజు వచ్చి వచ్చి నీళ్ళ డ్రమ్మును గుద్దుకున్నాడు.

“ఏమబ్బా ఓబులయ్యా, వంటింట్లేకి వచ్చేదానికి గూడా మిషను కావల్లనా నీకు?” అని వంటమనిషి మహబూబ్బీ పడీ పడీ నవ్వింది. ఆమెదీ ఆ పక్క రాయచోటే.

“నవ్వద్దక్కా. యాడ నిలబడితే ఆడ ఈ బటను నొక్కల్ల. గుర్తు పడతాది. మళ్ళ మనం అడిగితే బాణం చూపిచ్చి ఆడికే తీసకపోతాది.”

గురువారం బయల్దేరేటప్పుడు అబూ నాసర్ వేలు చూపించి మరీ చెప్పాడు: “బండి ఆగిన ప్రతిచోటా గుర్తు పెట్టాలి. ఒక్కటి మరిచినా ఊరుకోను.”

ఓబులయ్య మరవలేదు. గుడారం దగ్గర ఒకటి, ఇసుక దిబ్బ దగ్గర రెండు, అలా ఎండిపోయిన వాగు దగ్గరికి వచ్చేసరికి ఏడు గుర్తులయ్యాయి. డబ్బా ఎక్కడా దారి తప్పనివ్వలేదు. దొరకనిదల్లా పిట్టే. రెండు రోజులు తిరిగినా కంజు పిట్ట ఈక కూడా కంటపడలేదు.

తిరుగు దారిలో అల్ ఖర్జ్ దగ్గరికి వచ్చాక అబూ నాసర్ ఉన్నట్టుండి “ఆపు!” అన్నాడు. అది కోళ్ళ కొట్టు. కంజు పిట్టలూ అమ్ముతున్నారు.

“ఇరవై కోసివ్వు. ఈకలు మాత్రం పీకొద్దు,” అని కొట్టువాడికి చెప్పి, ఓబులయ్య వైపు తిరిగాడు. “నువ్వేమీ చూడలేదు.”

“చూడలేదు బాబా.”

నిజంగానే చూసుకోలేదు పాపం. బండి ఆగింది కదా, అలవాటుపడ్డ బొటనవేలు బటన్ నొక్కేసింది.

ఆ సాయంత్రం ఇల్లంతా మసాలా వాసన. మహబూబ్బీ ఓబులయ్యను పక్కకు పిలిచింది. “ఇరవై పిట్టలు కడిగినా. ఒక్కదాంట్లో గుండు తగల్లే. మీ బాబా తుపాకీతో కొట్టినాడా, కసురుకుంటే సచ్చినాయా?”

ఓబులయ్య నవ్వు ఆపుకుంటూ కాఫీ కూజా పట్టుకుని హాల్లోకి వెళ్ళాడు. అక్కడ పిట్టను కొరుకుతూ అబూ తుర్కీ అడుగుతున్నాడు. “ఎక్కడ కొట్టావో చోటు చెప్పు చూద్దాం.”

“చెప్పడమెందుకు, ఇదుగో డబ్బా. చివరి గుర్తు చూసుకో!” అన్నాడు అబూ నాసర్ దర్జాగా. ఆయన మనసులో ఉన్నది ఎండిపోయిన వాగు.

“వచ్చే వారం నేనూ అక్కడికే వెళ్తాను,” అంటూ అబూ తుర్కీ ఆ గుర్తును తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు. ఓబులయ్య వంగి చూశాడు. డబ్బాలో ఉన్నది ఎనిమిది!

బావమరిది వెళ్ళిపోయాక, “వచ్చే శుక్రవారం వాడు వేట తెచ్చి అందరి ముందు నన్ను మెచ్చుకోవాలి. ఆ క్షణమే ఫోనులో నువ్వు ఇంటికెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా బటన్ నొక్కుతాను,” అని అబూ నాసర్ ఓబులయ్య వీపు తట్టాడు.

“పిట్టలు దొరక్కపోతే బాబా?”

“అది వాడి రాత!”

ఓబులయ్య వంటింట్లోకి వచ్చి కూలబడ్డాడు. “కొట్టుకాడ గుర్తు పెట్న్యానని చెప్తే బాబా ఈపొద్దే సంపుతాడక్కా. చెప్పకుంటే వచ్చే శుక్రవారం సంపుతాడు.”

“చెప్పకుంటే వారం మిగుల్తాది గదా. ముందు తిను,” అంది మహబూబ్బీ.

శుక్రవారం రానే వచ్చింది. హాలు నిండా చుట్టాలు. అబూ తుర్కీ లోపలికి వచ్చాడు, ముఖంలో నవ్వు లేదు. ఓబులయ్య గోడవారకు జరిగాడు. పిల్ల ఇంకో ఏడాది ఫోనుతోనే పెరగాలి కాబోలు అనుకున్నాడు.

అబూ తుర్కీ చేతిలో సంచీని నడుమ బోర్లించాడు. ఈకలతో సహా నలభై కంజు పిట్టలు!

“అబూ నాసర్, నీ చోటు అబద్ధం కాదు. నిన్ను చూసి నవ్వినందుకు ఏమీ అనుకోకు,” అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అబూ నాసరే. “చూశావా! ఇంకో గంట ఆగివుంటే మనకే దొరికేవి,” అని ఓబులయ్యను కోప్పడి, ఆ ఊపులోనే ఫోను తీసి బటన్ నొక్కేశాడు. ఓబులయ్య జేబులో మెసేజి మోగింది. సెలవు!

ఓబులయ్య కళ్ళు తుడుచుకుని కాఫీ పోయడానికి చెయ్యి చాచాడు. అబూ తుర్కీ ఆ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, చెవిలో మెల్లగా అన్నాడు.

“ఈకలు పీకొద్దని నేను చెప్పకముందే, ‘వేట నుంచి వస్తున్నారా?’ అని అడిగాడోయ్ ఆ కొట్టువాడు!”