దొరసాని పెట్టె

"అది ముట్టుకోకండి!"

సువార్తమ్మ కేకకి గుడి కిటికీలో పావురం లేచిపోయింది.

హార్మోనియం మీద పెట్టబోయిన చేతిని ఆ ముసలాయన వెనక్కి తీసుకున్నాడు. వెలిసిన పంచె, భుజాన కండువా. ఆ సంఘంలో ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"తప్పయిందమ్మా. మంచి పెట్టె అండి ఇది."

"మంచిదేంటండీ! మా నాన్నగారు సంఘపెద్దగా ఉన్నప్పుడు దొరసానిగారు ఓడలో తెప్పించి మరీ ఇచ్చింది. ఇదిగో, ఈ గోధుమరంగు మెట్టు చూశారా? మిగతా నల్ల మెట్లలా ఉండదు. అదేదో విదేశీ కర్ర. ఇక్కడ దొరకదు."

ఆయన ఆ మెట్టు వంక కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఆయ్. దొరకదండి," అన్నాడు. "మంచి దొరసానండి."

పేరు చిట్టియ్య అనీ, కడియంలో మనవరాలి దగ్గర ఉంటున్నాడనీ ఆరాధన అయ్యాక తెలిసింది. కడియంలో గుళ్ళు లేనట్టు బస్సెక్కి ఇంతదూరం ఎందుకొస్తున్నాడో ఎవరూ అడగలేదు. ప్రతి ఆదివారం వచ్చి, తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చునేవాడు.

ఒక్కటి మాత్రం సువార్తమ్మ కూడా కాదనలేదు. ఆమె పల్లవి ఎత్తుకుంటే, రెండో వరస తాళం తప్పకుండా అందుకునేది ఆ వెనక బెంచీ గొంతే.

ఇంతలో గుడిలోకి కీబోర్డు గొడవ వచ్చిపడింది.

అదీ ఎవరివల్ల? సొంత కోడలు తబిత వల్ల. పుట్టింటి గుడిలో వాయించేదట. ఆ సంగతి పాస్టరు విజయ్ పాల్ గారి చెవిన పడింది. ఆ వారమంతా సువార్తమ్మ ఇంట్లో పోపు కూడా గట్టిగానే పేలింది.

ఆదివారం ఆరాధన కాగానే పాస్టరుగారు అందరినీ కూర్చోమన్నారు.

"సువార్తమ్మగారూ, మీ హార్మోనియం ఎక్కడికీ పోదండి. పిల్లల కోసం ఓ రెండు పాటలు కీబోర్డుతో..."

"ఇవాళ రెండు పాటలంటారు. రేపు డ్రమ్ములంటారు. ఎల్లుండి రంగు లైట్లు తిరుగుతాయి. ఇది గుడా, పెళ్ళి రిసెప్షనా అయ్యగారూ?"

తబిత తల దించుకుంది.

చివరి బెంచీలోంచి చిట్టియ్య లేచాడు.

"రానివ్వండమ్మా. కొత్త పెట్టెని తిట్టనోళ్ళెవరండీ? నాలుగేళ్ళు పోతే అదే పాతదైపోద్ది. అప్పుడు దాన్నీ ఎవర్నీ ముట్టుకోనివ్వరు."

జనం నవ్వారు. సువార్తమ్మకి ఒళ్ళు మండింది.

"మీరు మా సంఘస్థులేనాండీ?"

"కాదమ్మా."

"మరి పరాయివాళ్ళు మా గుడి సంగతుల్లో వేలు పెట్టడమేంటండీ?"

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. కండువా సర్దుకున్నాడు.

"ఆయ్. నిజమేనమ్మా."

వాకిట్లో చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

కీబోర్డూ రాలేదు. సువార్తమ్మ గెలిచింది.

గెలిచాక గుడి పల్చబడింది. కుర్రకారు ఒకరి వెనక ఒకరు రామచంద్రపురంలో ఇంకో గుడి చూసుకున్నారు. తబిత అత్తగారి పక్కనే కూర్చునేది గానీ, పాటకి పెదవి విప్పేది కాదు.

ఓ ఆదివారం సువార్తమ్మ పల్లవి ఎత్తుకుని, అలవాటు కొద్దీ ఆగింది.

ఎవరూ అందుకోలేదు.

హార్మోనియం తిత్తి ఊపిరి వదిలిన చప్పుడు గుడంతా వినబడింది.

ఇంటికొచ్చి, పొయ్యి దగ్గరున్న కోడలితో అంది: "వచ్చే ఆదివారం నీ కీబోర్డు పట్రా."

తబిత గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నిజంగానా అత్తయ్యా?"

"నా మొహం చూడకు, పులుసు పొంగుతోంది చూడు. తిత్తి కొట్టీ కొట్టీ చెయ్యి లాగుతోంది. అందుకని."

చెయ్యి లాగడం లేదు.

ఆ ముసలాయనకి కూడా చెప్పాలనిపించింది. తప్పయిందని కాదు, సువార్తమ్మ నోట ఆ మాట అంత తేలిగ్గా రాదు. కీబోర్డు వస్తోందండి, మీరూ రండి అని, అంతే.

మర్నాడే కడియం వెళ్ళింది. నర్సరీల మధ్య అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకుంది. మనవరాలు సుప్రియ వాకిట్లో గులాబీ అంట్లకి నీళ్ళు పెడుతోంది.

"తాతయ్యాండీ? పోయి నెల దాటిందండి."

సువార్తమ్మ అరుగు మీద కూలబడింది.

"మాకు కబురు చెయ్యలేదేమమ్మా? సంఘమంతా వచ్చి పాట పాడేవాళ్ళం కదా."

"చేద్దామంటే ఆయనే వద్దన్నారండి. అక్కడ నేను పరాయివాణ్ణి, వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం అన్నారు."



"మరి అంతదూరం మా గుడికే ఎందుకొచ్చేవారమ్మా?"

"పెట్టె కోసమండి. ఇంకా పలుకుతోందే అని మురిసిపోయేవారు. ఒక మెట్టు ఊడిపోతే కొబ్బరిచిప్ప అరగదీసి తనే పెట్టారటండి. అది కూడా అలాగే ఉందని అందరికీ చెప్పుకున్నారు."

"ఆయన... పెట్టారా?"

"వయసులో నాటకాల కంపెనీలో వాయించేవారండి. బాప్తిస్మం తీసుకుని, పెట్టెతో సహా మీ గుడికొచ్చారట. నాటకాల పెట్టె గుడిలో ఏంటని పెద్దలు బయటికి పొమ్మన్నారట."

"పెట్టెనా?"

"ఇద్దర్నీనండి. కానీ ఆయన పెట్టె అక్కడే వదిలేసి ఒక్కరే వచ్చేశారు. పెట్టె ఎత్తుకోబోతుంటే సంఘపెద్దగారి చిన్నపాప ఆ మెట్ల మీంచి చేతులు తియ్యనని ఏడ్చిందట."