మా ఇంటి బుర్రబ్బాయి

సాయంత్రం మా ఆవిడ సుభాషిణి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి గోడమీది మాట్లాడే పెట్టె మళ్ళీ అడుగుతోంది. "సుభాషిణిగారూ, బుర్రబ్బాయి సినిమా మీద మీ ఆశ ఏమిటి? ఈ ఇంట్లో మీదొక్కటే మిగిలింది."

బుర్రబ్బాయి మా చిన్నప్పుడు టీవీలో వచ్చిన తోలుబొమ్మ. ఇన్నేళ్ళకు వాడితో సినిమా వస్తోంది. ఇప్పుడు సినిమాలన్నీ ఏ ఇంటి ఆశలను బట్టి ఆ ఇంటికి తయారవుతాయి. ఒక్కరు చెప్పకపోయినా ఆ ఇంటికి సినిమా రాదు. ఇవాళే ఆఖరి రోజు. వాడికి పెళ్ళి కావాలని నేనూ, తనను పేరుపెట్టి పిలవాలని మా అమ్మాయి వైదేహీ ఎప్పుడో చెప్పేశాం.

సుభాషిణి మాత్రం నోరు విప్పదు. "కోరుకున్నది పైకి చెబితే ఫలిస్తుందా?" అంటుంది.

"అమ్మా, అది దేవుడు కాదే, డబ్బా! వీధంతా సినిమా చూస్తుంటే నేను గోడ చూస్తూ కూర్చోవాలా?" వైదేహి ఏడుపు మొహం పెట్టింది.

సుభాషిణి పెట్టెవైపు తిరిగింది. "తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలియకూడదు బాబూ. అంతే."

"అలాగేనండీ" అంది పెట్టె.

శుక్రవారం సినిమా వచ్చింది. బుర్రబ్బాయి పెళ్ళిపీటల మీద కూర్చుని "వైదేహీ!" అని పిలిచాడు. అంతా అనుకున్నట్టే ఉంది. తాళి ఎత్తగానే వాడి చేతిని ఆడించే పుల్ల పుటుక్కున విరిగింది.

వైదేహి లేచి నిలబడింది. "ఇప్పుడెలా అమ్మా?"

"ఏమోనే!" అంది సుభాషిణి, గుడిలోలాగా రెండు చేతులూ జోడించి.

కోరింది కోరినట్టు జరిగే ఇళ్ళలో 'ఏమో' అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. దేవుడు మన కోరికలన్నీ తీర్చనిది ఇందుకేనా? నేనూ కుర్చీ ముందుకు జరుపుకున్నాను.