పసుపు పూసిన బ్రేకు

ఇప్పుడు ప్రభుత్వ బస్సు తనకు బిగించే ప్రతి భాగం మీది కంపెనీ ముద్రనూ తానే చదువుకుంటుంది. నకిలీదైతే అంగుళం కదలదు. ముద్ర కనబడకపోతే మాత్రం మేనేజరు వేలిముద్ర వేసి ఒప్పుకుంటే చాలు.

అందుకే కాంట్రాక్టరు భూషణరావుకి అంత భక్తి. కొత్త బ్రేకులకు పూజ చేయించి, సరిగ్గా ముద్ర మీదే దట్టంగా పసుపు మెత్తి, కుంకుమబొట్టు పెట్టి మరీ డిపోకు తెస్తాడు. పూజలో పెట్టిన బొట్టును ఎవరు తుడుస్తారు?

"ముద్ర కనబడటం లేదు," అంది బస్సు. మేనేజరు వేలు చాపాడు. అంతలో మెకానిక్ వరహాలమ్మ తడిగుడ్డ అందుకుంది.

"ఓలమ్మా, బొట్టు తుడిసేత్తావేటి? బండికి అరిష్టం!" అంటూ భూషణరావు అడ్డొచ్చాడు.

"ఇలాటి బ్రేకే ఘాటీలో పట్టక మా ఆయన పోనాడు. పదోనాడు అందరూ కూడి నా బొట్టు తుడిసినారు. మీరూ వచ్చినారు కదా, బాబూ. అప్పుడెవులూ అరిష్టమన్లేదేటి?"

ఆమె బ్రేకును మెరిసేదాకా తుడిచి బస్సు కంటికి ఎదురుగా పట్టుకుంది.

"నకిలీ," అంది బస్సు, డిపో అంతా వినబడేలా.

వరహాలమ్మ గుడ్డ పిండుకుని రెండో బ్రేకు అందుకుంది.